అప్‌డేట్: తాతగారి యక్షగానాల పుస్తకం బాగుపడింది, ఒక్క పేజీ తప్ప

మా తాతగారు చేతితో రాసుకున్న యక్షగానాల పుస్తకానికి చెదలు పట్టిందని, దాన్ని లామినేషన్ చేయించవచ్చా అని రెండు నెలల క్రితం నల్లగొండ నుంచి అడిగాను. వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యమని హెచ్చరించి, చెదలు తిన్న చోట్ల గోధుమ గంజితో పలుచని జపాన్ కాగితం (పొడవాటి పీచుతో చేసేది) అతకమన్న వారందరికీ కృతజ్ఞతలు.

మెత్తటి కుంచెతో చెదల మట్టిని దులిపాక, ఒక అక్షరం మూలన తడి దూదిని ఆనించి చూస్తే నీలి సిరా వెంటనే పాకింది. అందుచేత కాచి, పలుచని బట్టలో వడకట్టిన గంజిని గట్టిగానే ఉంచి, చాలా తక్కువగా రాశాను. జపాన్ కాగితాన్ని కత్తెరతో కోయకుండా, తడి కుంచెతో గీత గీసి ఆ గీత వెంట చేత్తో చింపితే అంచున పీచు నూగులా లేస్తుంది. ఆ నూగే పాత కాగితంలో కలిసిపోయి అతుకును కనబడనీయదు. అతికిన ప్రతి పేజీకి రెండు వైపులా బటర్ పేపరు, ఆపైన బ్లాటింగ్ పేపరు పెట్టి, అమ్మ గొణుగుతున్నా వినకుండా ఇసుర్రాయిని రాత్రంతా బరువుగా ఉంచాను.

బాగుపడనిది నేనే చిన్నప్పుడు సెలోటేపు అంటించిన పేజీ. టేపు ఊడింది గాని పసుపు మరక పోలేదు. రసాయనాలు వాడితే సిరా కూడా పోతుందేమోనని వదిలేశాను. పేజీల మడతలను పాత కుట్టు రంధ్రాల గుండానే నూలు దారంతో కుట్టి, అట్టకు కొయ్యలగూడెం నేత దుప్పటి ముక్క వేశాను.