రామ్ దయాళ్ ముండా మాటను తెలుగులో ఎలా చెప్పాలి? కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా బడి పిల్లలకు ఆదివాసీ పండితుడు, కళాకారుడు రామ్ దయాళ్ ముండా గారి గురించి చెప్పాలనుకుంటున్నాను. 1939లో రాంచీ దగ్గర తమాడ్ ప్రాంతంలో పుట్టారు. చికాగోలో పీహెచ్‌డీ చేసి, అమెరికాలోనే పాఠాలు చెప్పి, తిరిగొచ్చి రాంచీ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు. అంత పదవిలో ఉన్నా నగారా (పెద్ద డోలు) మెడలో వేసుకుని జనంతో కలిసి ఆడిపాడటం మానలేదు. ఆ సంగతే నాకు అన్నిటికన్నా ఇష్టం. జార్ఖండ్ రాష్ట్రం కోసం ఉద్యమించారు, ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల తరఫున మాట్లాడారు. 2010లో పద్మశ్రీ వచ్చింది, మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఆయన మాట ఒకటుంది: 'జే నాచీ సే బాంచీ', అంటే నాట్యం చేసేవాళ్లే బతుకుతారు అని. 'ఆడేవాళ్లే బతుకుతారు' అని రాస్తే మా పిల్లలు కబడ్డీ అనుకున్నారు! 'నాట్యం' అంటే గజ్జెలు, స్టేజీ గుర్తొస్తాయి. ఊరంతా చేతులు పట్టుకుని అఖ్రాలో, అంటే ఊరంతా కలిసి ఆడిపాడే చోట, అడుగులు వేసే ఆ నాట్యానికి ఏ మాట వాడాలి? గోండి, కోయ, కువి మాట్లాడేవాళ్లు మీ ఇంట్లో ఏమంటారో చెప్పండి. ఆయన పాడినవో, వాయించినవో రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయో కూడా తెలిస్తే చెప్పగలరు. పిల్లలకు ఆయన గొంతు వినిపించాలని ఉంది.