మూడే బొమ్మలున్నప్పుడు కొట్టు మూసేయాలా, అడ్వాన్సు తీసుకోవాలా?

బెజవాడ బొమ్మలకొట్టు
అందరికీ నమస్కారమండి. నేనూ మా ఆయనా కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాం. చిన్న వెబ్‌సైటు, ఒక ఇన్‌స్టా పేజీ, రెండొందల మందున్న వాట్సాప్ గ్రూపు, అంతే మా వ్యాపారం. మాకు బొమ్మలు చేసిచ్చే కుటుంబం ఒక్కటే. దసరాకి ఇంకా ఏడు వారాలుంది. ఈ పొద్దున అటక మీద లెక్కపెడితే ఎడ్లబండ్లు 3, అంబారీ ఏనుగులు 2, దశావతారం సెట్లు 4, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు ఒక్కడు. నాలుగో సెట్టులో కూర్మం దారిలో విరిగింది కాబట్టి నిజానికి అది సెట్టు కాదు, తొమ్మిది విడి బొమ్మలు.

మా ఇంట్లో గొడవంతా దీని మీదే. "సరుకు లేదు" అని పెడితే జనం వేరే పేజీకి పోతారు, మళ్లీ రారు, సగం డబ్బు తీసుకుని ఆర్డర్లు రాసుకుందాం అంటారు మా ఆయన. ఇంకా తయారవని బొమ్మకి డబ్బు తీసుకుంటే నాకు నిద్ర పట్టదు. పోయిన నెల ఒకే ఏనుగుని వెబ్‌సైటులో ఒకరూ వాట్సాప్‌లో ఇంకొకరూ పది నిమిషాల తేడాలో కొనేశారు. రెండో ఆవిడ అన్న మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. మీరైతే ఏం చేస్తారు?

గోదారి లేసు
నా మాట సూటిగా చెప్తానండి, చేతిలో ఉన్నదే అమ్మండి. నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లతో నాది పదేళ్ల అనుభవం. ఇంట్లో పెళ్లి, వరి కోతలు, పిల్లల పరీక్షలు, ఏదొచ్చినా క్రోషే సూది పక్కన పెట్టేస్తారు, పెట్టేయాలి కూడా. వాళ్ల తీరికని నేను ఇంకొకరికి తేదీగా ఎలా అమ్ముకోను? ఒకసారి ఆ పని చేశాను. ముగ్గురికి డబ్బు వాపసు ఇచ్చాను, పేమెంటు వాళ్లు కోసుకున్న రుసుము మాత్రం నాకు తిరిగి రాలేదు.

ఇక రెండుసార్లు అమ్ముడుపోవడం సంగతి. ఒక్క ముక్కే మిగిలినప్పుడు దాన్ని ఒక్కచోటే పెట్టండి. మూడు చోట్లా ఫొటో ఉండొచ్చు, కొనడం మాత్రం వెబ్‌సైటులోనే. వాట్సాప్‌లో "నాకు పక్కన పెట్టండి" అన్నవాళ్లకి కూడా ఆ లింకే పంపండి. మొహమాటపడితే మళ్లీ ఏనుగు గొడవే.

స్వర్ణముఖి కలం
లేసక్కా, మీకు అల్లిన ముక్కలు పెట్టెలో ఉంటాయి, పెట్టుబడి తక్కువ. నాది కాళహస్తి కలంకారీ. ఒక పెద్ద రామాయణం గుడ్డ పూర్తి కావడానికి నెలలు పడుతుంది, అడ్వాన్సు లేకపోతే అన్నాళ్లు ఇల్లెలా గడుస్తుంది? అడ్వాన్సు తీసుకోవడం మోసమేం కాదమ్మా, తేదీ దాచడమే మోసం.

నేను చేసేది చెప్తా. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కసిం నలుపుతో గీతలు మాత్రం పూర్తి చేసి కొన్ని మడతపెట్టి ఉంచుకుంటా. ఆర్డరొచ్చాక రంగులు వేస్తా. ఎరుపు ఎక్కువ కావాలంటే ఎరుపు, నీలం కావాలంటే నీలం. కొనేవాళ్లకి తమకోసమే చేసినట్టు ఉంటుంది, నాకేమో సగం పని ముందే అయిపోయి ఉంటుంది. బొమ్మలకి కూడా ఇలా కుదరదా?

చేర్యాల మాస్కులు
అక్కా, నేనైతే నెలకొక్కసారే దుకాణం తెరుస్త. మొదటి ఐతారం పొద్దుగాల ఎన్ని మాస్కులు తయారున్నయో అన్నీ ఒక్కసారే పెడ్త. మాపటికల్లా ఒడుస్తయి. మిగిలిన దినాలు బందు. మొదట్ల జనం తిట్టిండ్రు, ఇప్పుడు ఐతారం కోసం ఎదురుచూస్తున్నరు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే మాస్కు ఎండల ఎండాలె. ఎండ నా చేతుల లేదు. మరి తారీఖు ఎట్ల చెప్పాలె?

గోదారి లేసు
తమ్ముడూ, మాస్కుకి అది బాగానే ఉంటుంది. కొలువు బొమ్మకి కుదరదు, పండగ మన ఐతారం చూసుకుని రాదుగా.

లెక్కల మాస్టారు
బొమ్మలకొట్టు అమ్మా, అడ్వాన్సా కాదా అన్నది తర్వాత తేలుద్దాం. అటక మీద నాలుగు సెట్లు మిగిలేదాకా మీరెందుకు ఊరుకున్నారు? దశావతారం వారానికి రెండు పోతుందనుకుందాం. కబురు పెట్టిన రోజు నుంచి బొమ్మ మీ ఇల్లు చేరడానికి 5 వారాలు. అంటే ఆ 5 వారాల్లో 10 పోతాయి. ముసురు పట్టి ఒక వారం ఆలస్యమైతే ఇంకో 2, దారిలో విరిగేదానికి 1. మొత్తం 13. అటక మీద 13 ఉన్నప్పుడే కొత్త ఆర్డరు పెట్టాలి, నాలుగు మిగిలినప్పుడు కాదు. ఈ లెక్క ప్రతి బొమ్మకీ విడిగా వేసుకోండి. గీతకార్మికుడు నెలకొకడే పోతే రెండు మిగిలినప్పుడు చెప్తే చాలు.

ఇంకోటి. సరుకు నిండుగా ఉన్నా "రెండే మిగిలాయి, త్వరపడండి" అని పెట్టే పేజీలు చూస్తున్నాను. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ని, అంటే కొనేవాళ్లని మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుగడల్ని, నిషేధించింది. అందులో మొదటిదే ఇది, లేని తొందర పెట్టడం. నిజంగా రెండే ఉంటే రెండని రాయండి, అందులో తప్పేమీ లేదు.

పొణికి చెక్క
మాస్టారూ, మీ లెక్క తప్పని కాదు. అందులో మేం లేము, అంతే.

మాది కొండపల్లి. నాన్న బొమ్మలు చేస్తారు, నేను సాయంత్రాలు సాయం చేస్తాను. మీ 13 లెక్క ప్రకారం ఒక కొట్టు శ్రావణంలో ఫోను చేస్తుంది. ఆ వారమే ఇంకో నాలుగు కొట్లకి కూడా 13 వస్తుంది. అందరికీ దసరా ఒక్కటే కదండీ. ఇక్కడున్నవి అవే రెండు చేతులు. మీ 5 వారాలు అప్పుడు 9 అవుతాయి. తెల్ల పొణికి చెక్కలో తడి పూర్తిగా పోవాలి. తల, కాళ్లు, తొండం విడివిడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతికించాలి, అది ఆరాలి, తెల్ల పూత ఆరాలి, తర్వాత రంగు. వానాకాలంలో తొందరపెడితే అతుకు ఊడొస్తుంది. కూర్మం దారిలో విరిగిందన్నారు, అది ఏ నెలలో చేసిందో ఒకసారి అడగండి.

సంక్రాంతి కొలువు అయిపోయాక మాకు ఫోన్లు ఉండవు. మాఘం నుంచి ఎండాకాలం అంతా చెక్క బాగా ఎండుతుంది, చేతులు ఖాళీ, డబ్బులూ ఖాళీయే. అప్పుడు ఒక్క కొట్టు కూడా పది సెట్లు చెప్పదు. ఆషాఢం దాకా ఆగి, శ్రావణంలో అర్జెంటు అంటారు. కలంకారీ అక్క చెప్పినట్టు మా దగ్గరా సగం పని నిలవ ఉంచొచ్చు. చెక్కి, అతికించి, తెల్ల పూత వేసి ఆపేస్తే మిగిలేది రంగే. ఆ సగానికి డబ్బు ఎండాకాలంలో ఇవ్వండి. అడ్వాన్సు కొనేవాళ్ల దగ్గర తీసుకోవాలా వద్దా అని ఇంత వాదించుకుంటున్నారు, మాకు ఎవరైనా అడ్వాన్సు ఇచ్చారా అని ఒక్కరూ అడగలేదు.

ఏటికొప్పాక పిడతలు
ఆ సగం పని పద్ధతి అందరికీ కాదు సుమండీ. మా లక్కపిడతలు తరిణి మీద అంకుడు కర్ర తిరుగుతుండగానే లక్క పట్టిస్తారు, ఆ వేడికే రంగు కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో అక్కడే మెరుగు పెడతారు. మధ్యలో ఆపి దాచడానికేం లేదు. మాకున్న వెసులుబాటు వేరు. పిడత మూతలూ గిన్నెలూ నాలుగు ఎక్కువ చేయించుకుంటాను. ఒక మూత పోయిందని పన్నెండు ముక్కల సెట్టు మూలన పడేయక్కర్లేదు.

గోదారి లేసు
పొణికి చెక్క తమ్ముడి మాట న్యాయంగానే ఉంది. కానీ ఎండాకాలంలో పది సెట్లకి సగం డబ్బంటే చిన్న కొట్టుకి భారం కాదా? దసరాకి అమ్ముడుపోకపోతే ఆ డబ్బు సంక్రాంతి దాకా అటక మీదే. తెచ్చుకున్న అప్పుకి వడ్డీ ఎవరు కడతారు?

పొణికి చెక్క
పది అక్కర్లేదక్కా. మూడు చెప్పండి చాలు. మూడు కొట్లు మూడేసి చెప్తే మా ఎండాకాలం గడిచిపోతుంది.

కొలువు పిచ్చి
నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. హైదరాబాదులో ఉంటాం, మా అమ్మది నెల్లూరు, ఇంట్లో దసరాకి కొలువు తప్పదు. రెండేళ్ల క్రితం ఒక పేజీలో అడ్వాన్సు కట్టాను. "వారంలో పంపుతాం" అంటూ ఆరుసార్లు చెప్పారు. బొమ్మలు దశమి వెళ్లిన ఏకాదశి నాడు వచ్చాయి. మెట్లు తీసేసి, బొమ్మలు పెట్టెలో సర్దేశాక. ఆలస్యానికి కోపం రాలేదు నాకు, ఆ "వారం"కి వచ్చింది. మొదటే "దసరాకి అందదు, సంక్రాంతికి ఇస్తాం" అంటే నేను సరేననేదాన్ని. సరుకు లేదని చెప్పిన కొట్టుకి నేను మళ్లీ వెళ్తాను. బొమ్మలకొట్టు అన్నయ్య గారికి ఈ ముక్క చెప్పండి.

బెజవాడ బొమ్మలకొట్టు
చెప్పాను, ఆయన చదివారు. "ఒక్కరు మళ్లీ వస్తారు, తొమ్మిది మంది రారు" అంటున్నారు. సరే, ఆ పంచాయితీ మా ఇంట్లో సాగుతూనే ఉంటుంది.

ఇప్పటికి అనుకున్నది ఇది. కొనడం వెబ్‌సైటులోనే, ప్రతి రకంలో ఆఖరి బొమ్మ అమ్మకానికి పెట్టం. దారిలో విరిగితే మార్చి ఇవ్వడానికి అది ఉండాలి. అయిపోయినవాటికి డబ్బు లేకుండా పేర్లు మాత్రం రాసుకుంటాం. బొమ్మ చేసే ఆయన చెక్కడం మొదలుపెట్టి తేదీ తన నోటితో చెప్పాకే అడ్వాన్సు, అందులో సగం అదే రోజు ఆయనకి. ఈ దసరాకి పదకొండు బొమ్మలకి మించి కుదరదన్నారు. పదకొండే రాసుకున్నాం. మాఘంలో రంగు వేయని సెట్లు మూడు చెప్పాలని గోడ క్యాలెండరులో రాసి పెట్టాను. మాస్టారి 13కి ఈ ఏడాది మా దగ్గర డబ్బు లేదండి.

కూర్మం గురించి అడిగాను తమ్ముడూ. ఆషాఢంలో చేసిందట. నేనే తొందరపెట్టాను.

కొలువు పిచ్చి
ఒక మాట అడగనా? మా అమ్మ సెట్టులో వామనుడి గొడుగు విరిగి మూడేళ్లయింది. పక్కన అగ్గిపుల్ల గుచ్చి నెట్టుకొస్తున్నాం. మీ కూర్మం లేని సెట్టులోంచి వామనుణ్ణి విడిగా ఇస్తారా?

బెజవాడ బొమ్మలకొట్టు
గొడుగు బాగానే ఉంది, ఇప్పుడే అటకెక్కి చూశాను. వెబ్‌సైటులో పెడుతున్నాను, అక్కడే కొనండి.