లిరాగ్లూటైడ్: టీఎఫ్‌ఏ తీసి ఫార్మిక్ పెడితే పీక్ చెడింది, ఎవరికైనా అనుభవం ఉందా?

పీక్‌వేట: హైదరాబాద్‌లో ఒక పెప్టైడ్ ల్యాబ్‌లో చేస్తున్నాను. లిరాగ్లూటైడ్ (డయాబెటిస్ మందుగా వాడే పెప్టైడ్) శాంపిల్‌ను లిక్విడ్ క్రోమటోగ్రఫీలో, అంటే కాలమ్ గుండా పంపి భాగాలుగా విడదీసి చూస్తున్నాను; ఒక్కో భాగం గ్రాఫ్‌లో ఒక్కో పీక్‌గా వస్తుంది. ద్రావకంలో 0.1% టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆసిడ్) కలిపితే యూవీలో, 214 నానోమీటర్ల దగ్గర, మెయిన్ పీక్‌కు ముందు చిన్న ఇంప్యూరిటీ విడిగా వస్తోంది. అదేంటో మాస్‌లో (అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో) చూడాలి. టీఎఫ్‌ఏ ఉంటే సిగ్నల్ చచ్చిపోతోంది. 0.1% ఫార్మిక్ ఆసిడ్‌కు మారితే మెయిన్ పీక్ లంబకోణ త్రిభుజంలా తయారైంది, ఇంప్యూరిటీ దాని కిందకి వెళ్లిపోయింది. కాలమ్ మామూలు సీ18 (18 కార్బన్ల గొలుసులు అతికించిన సిలికా). సోమవారానికి రిపోర్ట్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

సిలికా_శ్రీ: పీక్‌వేట గారూ, లిరాగ్లూటైడ్‌లో 31 అమినో ఆమ్లాలు, వాటి నంబర్లు 7 నుంచి 37 వరకు. పీహెచ్ 2 దగ్గర ఎన్ చివర, హిస్టిడిన్, ఆర్జినిన్ 34, ఆర్జినిన్ 36, ఇలా నాలుగు చోట్ల పాజిటివ్ చార్జి ఉంటుంది. 26వ స్థానంలోని లైసిన్‌కు పాల్మిటిక్ అనే కొవ్వు గొలుసు అతుక్కుని ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదు. టీఎఫ్‌ఏ ఆ చార్జీలతో జత కట్టి వాటిని కప్పేస్తుంది, అందుకే పీక్ సన్నగా వస్తుంది. మాస్‌లో సిగ్నల్ తగ్గించేదీ ఆ జతే. ఫార్మిక్‌కు అంత పట్టు లేదు.

పాత_కాలమ్: కాలమ్ మార్చే ముందు ఒక్క పని చేయండి. శాంపిల్‌ను పదింతలు పలచన చేసి మళ్లీ ఇంజెక్ట్ చేయండి. పీక్ సన్నబడి, కాస్త ఆలస్యంగా వస్తే అది ఓవర్‌లోడ్, అంటే కాలమ్ పట్టగలిగిన దానికన్నా శాంపిల్ ఎక్కువైంది. ఫార్మిక్‌లో అయానిక్ బలం తక్కువ, చార్జి ఉన్న పెప్టైడ్ కొద్దిగా ఎక్కువైనా పీక్ ముందుకు జరిగి పక్కదాన్ని మింగేస్తుంది. పలచన చేసినా పీక్ తోక అలాగే ఉంటే సిలనాల్స్‌ను (సిలికా మీద మిగిలిపోయి పాజిటివ్ చార్జిని పట్టుకునే ఓహెచ్ గుంపుల్ని) అనుమానించాలి. ఈ రెండింటినీ కలిపేసుకుని నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను.

సిలికా_శ్రీ: అవును, మంచి పరీక్ష. ఏదైనా సరే, ఉపరితలం మీద కొద్దిగా పాజిటివ్ చార్జి ఉన్న సీ18 ఫార్మిక్‌తో బాగా పనిచేస్తుంది. పెప్టైడ్‌ను సిలనాల్స్ దగ్గరకు రానివ్వదు.

మాస్_మేడమ్: ఇంకో దారి డైఫ్లోరోఅసిటిక్ ఆసిడ్. పీక్ ఆకారంలోనూ సిగ్నల్‌లోనూ టీఎఫ్‌ఏకీ ఫార్మిక్‌కీ మధ్యలో ఉంటుంది. ఎల్‌సీఎంఎస్ (క్రోమటోగ్రఫీ, మాస్ కలిపి చేసే పని) గ్రేడ్‌దే తీసుకోండి. టీఎఫ్‌ఏ నడిపిన కాలమ్‌ను మాత్రం మాస్‌కు పెట్టకండి. కడిగినా టీఎఫ్‌ఏ చాలాసేపు వదలదు, మాస్ నెగెటివ్ మోడ్‌లో 113 ఎం/జెడ్ (బరువును చార్జీతో భాగిస్తే వచ్చే విలువ) దగ్గర కనిపిస్తూనే ఉంటుంది.

పాత_కాలమ్: పలచన చేసిన శాంపిల్‌ను గాజు వయల్‌లో ఉంచకండి. కొవ్వు గొలుసు ఉన్న పెప్టైడ్ గోడకు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ వయల్ వాడండి.

పీక్‌వేట: పలచన చేశాను. పీక్ సన్నబడింది, వెనక్కి జరిగింది, అంటే చాలావరకు ఓవర్‌లోడే. తర్వాత చార్జ్‌డ్ సీ18 కొత్త కాలమ్ వేసి, 60 డిగ్రీల దగ్గర, గ్రేడియెంట్ (ద్రావకం మిశ్రమం మార్పు) ఇంకా మెల్లగా నడిపాను. ఇంప్యూరిటీ మళ్లీ విడిపోయింది! నాలుగు చార్జీల అయాన్ మెయిన్ పీక్‌లో 939 దగ్గర ఉంటే, దీనిలో 943 దగ్గర ఉంది. తేడా 4, చార్జీలు నాలుగు, అంటే బరువు 16 డాల్టన్లు పెరిగింది.

మాస్_మేడమ్: ఒక ఆక్సిజన్ చేరింది, ఆక్సిడేషన్ అన్నమాట. తేలిగ్గా ఆక్సిడైజ్ అయ్యే మెథియోనిన్ ఇందులో లేదు కాబట్టి ముందు 31వ స్థానంలోని ట్రిప్టోఫాన్‌ను అనుమానించండి. ఎంఎస్‌ఎంఎస్‌లో (అయాన్‌ను ముక్కలు చేసి మళ్లీ బరువు కొలిచే పద్ధతిలో) ఫ్రాగ్మెంట్లు చూసి చోటు ఖాయం చేశాకే రిపోర్ట్‌లో రాయండి.

పీక్‌వేట: రేపు ఉదయం అదే చేస్తాను మేడమ్. పాలీప్రొపిలీన్ వయల్స్ పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్నాను.