ఇద్దరిదీ షుగరే: నాన్న లివర్లో కొవ్వు, తమ్ముడికి కీటోన్లు. ఎందుకిలా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
నాన్నకి పదకొండేళ్లుగా షుగర్, మాత్రలతోనే నడుస్తోంది. మద్యం ముట్టరు. నూనె మానిపించి కూరలు ఉడకబెట్టే పెడుతున్నాం. అయినా మొన్న స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. మా పిన్ని కొడుక్కి పద్నాలుగేళ్లు, టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, సూదితో వెయ్యాల్సిందే. కిందటేడు జ్వరమొస్తే, అన్నం తినట్లేదు కదా అని రెండ్రోజులు ఇన్సులిన్ వెయ్యలేదు. వాంతులు, ఆయాసం, నోట్లోంచి మాగిన పండు వాసన. రక్తంలో కీటోన్లు (కొవ్వు కాలితే వచ్చే ఆమ్లాలు) పెరిగాయని ఐసీయూలో పెట్టారు. ఒకరి లివర్ కొవ్వు దాచుకోవడమేంటి, ఇంకొకరిది కాల్చుకోవడమేంటి?

బయోకెమిస్ట్రీ మాస్టారు, బరంపురం:
అమ్మా, ఇన్సులిన్ కొవ్వుకీ కాపలాయే. ఒంట్లో నిలవున్న కొవ్వుని కరగనివ్వదు. తమ్ముడికి అది ఆగేసరికి కొవ్వు కరిగి, ఫ్యాటీ ఆమ్లాలు లివర్‌కి తోసుకొచ్చాయి. అక్కడ అవి కాలేది మైటోకాండ్రియాలో. దాని గుమ్మం సీపీటీ-1 అనే ఎంజైము. లివర్ కొత్త కొవ్వు తయారు చేస్తున్నంతసేపూ మలోనిల్ కోఏ అనే పదార్థం ఆ గుమ్మానికి గడియ పెట్టి ఉంచుతుంది. ఒకపక్క తయారీ, ఒకపక్క కాల్చడం జరిగితే దండగే కదా. మెక్‌గ్యారీ, ఫోస్టర్ 1977లో బయటపెట్టిన సంగతిది. ఎన్నేళ్లు చెప్పినా నాకు ఈ పాఠం కొత్తగానే ఉంటుంది. ఇన్సులిన్ లేకపోతే మలోనిల్ కోఏ తగ్గి గడియ ఊడుతుంది. లివర్ అవసరానికి మించి కాలిందంతా కీటోన్లుగా రక్తంలోకి వస్తుంది.

నాన్నగారికి ఇన్సులిన్ ఉంది, దాని మాట చెల్లట్లేదు. కొవ్వు కణాలు వినవు కాబట్టి ఫ్యాటీ ఆమ్లాలు లివర్‌కి కారుతూనే ఉంటాయి. లివర్ సగమే వింటుంది: చక్కెర వదలొద్దంటే వినదు, కొవ్వు తయారు చెయ్యమంటే చేస్తుంది. 2005లో ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో కొలిచి చూస్తే, లివర్ కొవ్వులో 59 శాతం రక్తంలో తిరిగే ఫ్యాటీ ఆమ్లాలది, 26 శాతం లివర్ సొంతంగా చేసుకున్నది. తిండిలోని కొవ్వు 15 శాతమే. పొద్దున్నేం తింటారాయన?

మహేంద్రతనయ:
పెద్ద గిన్నెడు పఖాళ, అదే నీళ్లు పోసిన చద్దన్నం. సాయంత్రం ముఢీ, అంటే మరమరాలు. టీ నాలుగుసార్లు, పంచదార వద్దన్నారని బెల్లంతో.

రాయగడ నర్సు:
బెల్లంలోనూ ఉండేది ఎక్కువగా అదే చక్కెర, అక్కా. అందులో సగం ఫ్రక్టోజ్, దాన్ని లివర్ ఇట్టే కొవ్వు చేసేస్తుంది. నాన్నగారి బరువెంత? 82 కిలోలుంటే ఆరు నుంచి ఎనిమిది తగ్గినా లివర్లో తేడా కనిపిస్తుంది. తమ్ముడి విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా: తినకపోయినా, వాంతులవుతున్నా ఇన్సులిన్ పూర్తిగా ఆపొద్దు. ఎంత వెయ్యాలో డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. కీటోన్ స్ట్రిప్పులు ఇంట్లో ఉంచండి. ఆయాసమొస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

మహేంద్రతనయ:
81 కిలోలు. పిన్నికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.