ఎడమ బ్రేక్ లైటు: బల్బు కొత్తదే, ఎర్త్ మీదే అనుమానం

కారు వైరింగ్ తెలిసిన తిరుపతి అన్నలు కాస్త చెప్పండి. బ్రేక్ తొక్కితే కుడిది, వెనక అద్దం దగ్గర మూడోది బాగానే వెలుగుతున్నాయి. కాబట్టి ఫ్యూజు, పెడల్ స్విచ్ సరే. ఎడమది మాత్రం మసగ్గా ఉంది, పక్కన ఇండికేటరూ సన్నగా వెలుగుతోంది. 21/5 వాట్ల (బ్రేక్‌కు 21, టెయిల్ లైటుకు 5) కొత్త బల్బు వేసినా అదే తంతు.

బల్బు తియ్యకుండా, బ్రేక్ తొక్కించి మీటరు పెడితే పాజిటివ్ నుంచి బాడీకి 12.3 వోల్టులు, ఎర్త్ పిన్నుకు (కరెంటు తిరిగి బాడీకి వెళ్ళే దారి) 5 మాత్రమే. పిన్నుకు పచ్చగా చిలుము, చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగు.

ఎర్త్‌కు వేరే వైరు లాగి, పెయింటు గీకి బాడీ బోల్టుకు బిగిస్తే చాలా? మాడిన హోల్డరూ మార్చాల్సిందేనా? షాపులో లైటు మొత్తం కొనమంటున్నారు. హోల్డరొక్కటే విడిగా ఎక్కడ దొరుకుతుంది? తిరుమల ఘాట్ దిగాలి, ఎల్లుండే.