యాంప్లిఫయర్ వాట్లను 230 వోల్టుల దగ్గర కొలవాలా, మన ఇంటికి వచ్చే వోల్టేజీ దగ్గర కొలవాలా?

దేవరకొండ శ్రోత:

నల్లగొండలో ఒక తయారీదారు చేత 5200, 1943 నంబర్ల ట్రాన్సిస్టర్లతో స్టీరియో పవర్ యాంప్లిఫయర్ కట్టించుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ 35-0-35, అంటే మధ్య కొనకు ఇరువైపులా 35 వోల్టుల ఏసీ ఇచ్చేది. ఎనిమిది ఓముల లోడ్ మీద ఒక్కో ఛానెల్‌కు 100 వాట్లు వస్తాయని ఆయన బిల్లు మీద రాశారు. తన బల్ల మీద వేరియాక్‌తో (వోల్టేజీని కావలసినంత తిప్పి పెట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్) సరిగ్గా 230 వోల్టులు పెట్టి, డమ్మీ లోడ్ (స్పీకర్‌కు బదులు పెట్టే రెసిస్టర్) చివరల మధ్య 28.3 వోల్టులు చూపించారు కూడా. 28.3ను దానితోనే గుణించి 8తో భాగిస్తే 100 వస్తుంది కనుక లెక్కలో తేడా లేదు. అయితే మాది బోరుబావుల మీద ఆధారపడిన ఊరు. యాసంగిలో మోటార్లన్నీ నడిచే వేళ ఇంట్లో 205 వోల్టులకు మించి ఉండదు. అప్పుడు అదే లోడ్ పెట్టి సీఆర్‌ఓలో (తరంగాన్ని తెర మీద చూపే పరికరం) చూస్తే 25 వోల్టులు దాటగానే తరంగం కొనలు తెగిపోతున్నాయి, అంటే వచ్చేవి 78 వాట్లే. ఈ రెండు అంకెల్లో దేనిని నా యాంప్లిఫయర్ సామర్థ్యమని చెప్పుకోవాలో పెద్దలు తేల్చగలరు.

పాలమూరు సర్వీస్:

100 వాట్లే సరైన అంకె. సామర్థ్యం అనేది పరికరానికి చెందినదే తప్ప దానికి అందే కరెంటుకు చెందినది కాదు. పంపుసెట్టు పలక మీద రాసిన 5 హెచ్‌పీ కూడా నిర్ణీత వోల్టేజీ దగ్గరిదే. వోల్టేజీ పడిపోయిన రోజు మోటారు నీళ్లు తక్కువ పోస్తే పలక అబద్ధమని ఎవరూ అనరు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంటి యాంప్లిఫయర్ల వాట్ల ప్రకటనలకు నియమం పెట్టినప్పుడు సరఫరా వోల్టేజీ ఎంత ఉండాలో అందులోనే చెప్పింది. అక్కడి సరఫరాకు 120 వోల్టులు, విదేశాలకు పంపే వాటికి 230. అలా ఒక స్థిరమైన షరతు లేకపోతే ఒక్కొక్కరు తమ ఊరి వోల్టేజీ దగ్గర కొలిచి తమ అంకె చెబుతారు, అప్పుడు రెండు యాంప్లిఫయర్లను పోల్చడమే కుదరదు. ఒకప్పుడు మన దుకాణాల్లో పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో చిన్న టేప్ రికార్డర్ల మీద కూడా వందల వాట్లు అచ్చువేసి అమ్మారు. దానికి ఒప్పుకున్న కొలత పద్ధతే లేదు కనుక ఎవరూ ప్రశ్నించలేకపోయారు. ఆ దారిలోకి మళ్లీ వెళ్లవద్దని నా మనవి.

మిర్యాలగూడ ధ్వని:

పోలిక కోసమే 230 దగ్గర కొలవాలన్న వాదనను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే అక్కడ మాత్రమే కొలిస్తే మన ప్రాంతంలో అన్నింటికంటే అవసరమైన పోలిక కనబడకుండా పోతుంది. దేవరకొండ శ్రోత గారి యాంప్లిఫయర్‌లో ఉన్నది మామూలు ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్, కెపాసిటర్లు. బయట వోల్టేజీ ఎంత శాతం తగ్గితే లోపలి డీసీ కూడా దాదాపు అంతే శాతం తగ్గుతుంది, వాట్లు వోల్టేజీ వర్గానికి అనుగుణంగా మారతాయి కనుక ఇంకా ఎక్కువ శాతం పడిపోతాయి. స్థిరీకరించిన ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ పద్ధతి పవర్ సప్లై) ఉన్న క్లాస్-డి (ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్-ఆఫ్ చేసి నడిపే) యాంప్లిఫయర్‌కు, ఆ సరఫరా సరిగా రూపొందించినదైతే, 205 కాదు, 180 వోల్టులు ఇచ్చినా లోపలి డీసీ మారదు. 230 దగ్గర ఈ రెండూ 100 వాట్లే చూపుతాయి. 205 దగ్గర మాత్రం ఒకటి 78, ఇంకొకటి 100. డబ్బు పెట్టేవాడికి తెలియవలసిన తేడాను దాచిపెట్టే కొలతను న్యాయమైన కొలత అని ఎలా అనగలం?

పాలమూరు సర్వీస్:

ఆ తేడాకు స్టెబిలైజర్ ఉంది కదా. అది సరఫరా లోపం, దానిని సరఫరా దగ్గరే సరిదిద్దుకోవాలి.

వనపర్తి ఫిజిక్స్:

ఇద్దరి మాటలోనూ సత్యం ఉన్నప్పటికీ, 78కీ 100కీ మధ్య ఉన్న దూరం వినికిడిలో ఎంత అన్నది ఎవరూ లెక్క వేయలేదు. అది 1.1 డెసిబెల్ మాత్రమే. వాట్లు సగానికి పడితే 3 డెసిబెల్లు తగ్గుతుంది. శబ్దం సగమైనట్టు చెవికి తోచాలంటే దాదాపు 10 డెసిబెల్లు, అంటే వాట్లు పదో వంతుకు పడాలి. కాబట్టి కాగితం మీద పెద్దగా కనిపించే ఈ 22 వాట్ల నష్టం పాట వింటున్నప్పుడు దాదాపు తెలియదు.

ఇంకొక సంగతి ఉంది. డమ్మీ లోడ్ మీద ఆగకుండా మోగే సైన్ తరంగంతో కొలిచినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి, ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 48 వోల్టులు ఉండే డీసీ 43కు కుంగుతుంది. ట్రాన్సిస్టర్ల దగ్గర మరో 3 పోగా మిగిలే 40 వోల్టుల శిఖరమే మీ 28.3 ఆర్‌ఎంఎస్ (సైన్ తరంగ శిఖరాన్ని 1.414తో భాగిస్తే వచ్చే విలువ). సంగీతం ఇలా ఉండదు. డప్పు రికార్డింగ్‌లో దెబ్బ పడిన క్షణం శిఖరం చాలా ఎత్తు, సగటు దానికి 10 డెసిబెల్లకు పైగా కింద ఉంటుంది. ఆ క్షణానికి కెపాసిటర్లలో నిలువ ఉన్న శక్తి ఆసరా అవుతుంది కనుక డీసీ అంతగా కుంగదు. 205 వోల్టుల ఇంట్లో కూడా, కెపాసిటర్లు తగినంత పెద్దవైతే, దెబ్బ నిలిచే ఆ కొద్ది మిల్లీసెకన్లలో 90 వాట్ల చుట్టుపక్కల అందుతుంది. 1978 నాటి ఐహెచ్‌ఎఫ్ (అమెరికా హైఫై పరిశ్రమ సంస్థ) ప్రమాణంలో డైనమిక్ హెడ్‌రూమ్, అంటే క్షణకాలం అదనంగా ఇవ్వగల శక్తి, కొలత పెట్టింది దీనికోసమే. అర సెకనుకొకసారి 20 మిల్లీసెకన్ల పాటు మాత్రమే 1 కిలోహెర్ట్జ్ ధ్వనిని పూర్తి స్థాయిలో ఇచ్చి కొలుస్తారు.

అందువల్ల వోల్టేజీ గురించి ఇంత వాదించుకునే ముందు, ఆ 100 వాట్లు ఏ షరతుల్లో వచ్చాయో అడగండి. రెండు ఛానెళ్లనూ ఒకేసారి నడిపారా? ఒక్క ఛానెల్‌నే నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ మీద సగం భారమే పడి అంకె పెరుగుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే చూశారా, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు చూశారా? 20 కిలోహెర్ట్జ్ దగ్గర మామూలు మల్టీమీటర్‌ను నమ్మకండి, చవక మీటర్లు ఏసీని కొన్ని వందల హెర్ట్జ్ వరకే సరిగా చూపుతాయి. ఆ పైన సీఆర్‌ఓనే చదవాలి. అన్నింటికంటే ముఖ్యంగా, 1 వాటు దగ్గర, అంటే 8 ఓముల మీద 2.83 వోల్టుల దగ్గర, డిస్టార్షన్ (తరంగం ఆకారం చెడడం) ఎంత? బయాస్ కరెంటు (సిగ్నల్ లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) తక్కువగా పెట్టిన క్లాస్-ఏబీ యాంప్లిఫయర్‌లో పై ట్రాన్సిస్టర్ నుంచి కింది ట్రాన్సిస్టర్‌కు చేతులు మారే చోట తరంగం నలుగుతుంది. 100 వాట్ల దగ్గర ఆ నలుగు మొత్తంలో చిన్న భాగమై కనిపించదు, 1 వాటు దగ్గర పెద్ద భాగమై గొంతును గరగరలాడిస్తుంది. మనం ఇంట్లో వినేది ఎక్కువసేపు ఆ 1 వాటు పరిసరాల్లోనే.

ఇంట్లో కొలిచేవారికి ఒక హెచ్చరిక. బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేసే క్లాస్-డి బోర్డుల్లో స్పీకర్ మైనస్ కొన గ్రౌండ్ కాదు. అక్కడ సీఆర్‌ఓ గ్రౌండ్ క్లిప్పు తగిలిస్తే ఆ ఛానెల్ ఔట్‌పుట్ ఎర్త్‌కు షార్ట్ అయి బోర్డు కాలిపోవచ్చు. రెండు ప్రోబులతో తేడా చూడాలి.

మిర్యాలగూడ ధ్వని:

1.1 డెసిబెల్ లెక్కను ఒప్పుకుంటున్నాను. అయినా వాల్యూమ్ పెంచి వినేవాడికి 78 దగ్గరే కొనలు తెగడం మొదలవుతుంది, తెగిన తరంగంలో పుట్టే పై హార్మోనిక్స్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ అదనపు ధ్వనులు) ట్వీటర్ (కీచు ధ్వనుల చిన్న స్పీకర్) మీద పడతాయి. ఆ హద్దు ఎక్కడుందో కొన్నవాడికి తెలియాలి. కనుక 230తో పాటు 200 దగ్గరి అంకె కూడా రాయాలన్న నా మాట మార్చుకోను.

పాలమూరు సర్వీస్:

వనపర్తి వారు బయాస్ గురించి చెప్పినది అక్షరాలా నిజం. రిపేరుకు వచ్చే సెట్లలో నేను మొదట చూసేది అదే. 200 దగ్గర కూడా కొలవమంటే నాకు అభ్యంతరం లేదు, వేరియాక్ తిప్పడమే కదా. అయితే పై హద్దును ఎవరూ తలచుకోలేదు. మోటార్లన్నీ ఆగిన అర్ధరాత్రి అదే ఇంట్లో 255 వోల్టులు రావచ్చు. 35-0-35 ట్రాన్స్‌ఫార్మర్‌తో అప్పుడు డీసీ 53 దాటుతుంది. ఫిల్టర్ కెపాసిటర్ల మీద 50 వోల్టులని రాసి ఉంటే అవి ఉబ్బుతాయి, పగులుతాయి. తక్కువ వోల్టేజీ వాట్లను మాత్రమే తగ్గిస్తుంది, ఎక్కువ వోల్టేజీ సెట్టునే తీసుకుపోతుంది. దేవరకొండ శ్రోత గారూ, ప్లగ్గు తీసి, కెపాసిటర్లలో నిలిచిన చార్జిని ఒక రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మూత విప్పి వాటి మీద ఏమి రాసి ఉందో చూసి చెప్పండి.

దేవరకొండ శ్రోత:

చూశాను. 10,000 మైక్రోఫారడ్లు, 63 వోల్టులు అని ఉంది. తయారీదారును అడిగితే రెండు ఛానెళ్లనూ ఒకేసారి నడిపి, 230 దగ్గర, 200 దగ్గర మళ్లీ కొలిచి, రెండు అంకెలూ బిల్లు వెనక రాసి ఇస్తామన్నారు. 1 వాటు దగ్గరి డిస్టార్షన్‌కు ఆయన దగ్గర పరికరం లేదు. యూఎస్‌బీ సౌండ్ కార్డుకు ముందు రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించి, కంప్యూటర్‌లో ఆర్‌ఈడబ్ల్యూ అనే ధ్వని కొలత సాఫ్ట్‌వేర్‌తో కొలవాలని అనుకుంటున్నాను. 2.83 వోల్టులకు ఏ విలువల రెసిస్టర్లు సరిపోతాయో వనపర్తి వారు చెప్పగలరా?

వనపర్తి ఫిజిక్స్:

పైన 9.1 కిలో ఓములు, కింద 1 కిలో ఓము పెట్టండి. పదో వంతు అవుతుంది, కార్డుకు 0.28 వోల్టులే చేరుతాయి. సౌండ్ కార్డు గ్రౌండ్ కంప్యూటర్ ద్వారా ఎర్త్‌కు కలుస్తుంది కనుక ల్యాప్‌టాప్ చార్జర్ తీసివేసి బ్యాటరీ మీద కొలవండి, లేకపోతే మీరు చూసేది యాంప్లిఫయర్ డిస్టార్షన్ కాక 50 హెర్ట్జ్ హమ్ అవుతుంది.