హెప్సీబా అని పాపకు పేరు పెట్టవచ్చా?

కొత్త తండ్రి:
అందరికీ వందనాలు. మాకు నెల క్రితం పాప పుట్టింది. నా భార్య హెప్సీబా అని పెడదామంటోంది. అది వాళ్ల అమ్మమ్మ పేరు. ఆవిడ కృష్ణా డెల్టా ఊళ్లలో బైబిల్ స్త్రీగా, అంటే ఆడవాళ్లకు వాక్యం చెప్పే సేవకురాలిగా తిరిగారు. కోతల రోజుల్లో పొలం గట్ల మీద కూర్చుని కూలీలకు అక్షరాలు దిద్దించేవారట. మా అమ్మ మాత్రం ససేమిరా అంటోంది. “అది దుర్మార్గుడైన రాజు తల్లి పేరు” అని గుడిలో ఎవరో ఆమె చెవిన వేశారు. వచ్చే నెల శిశు ప్రతిష్ఠ, పాపను గుడిలో దేవుడికి సమర్పించే ప్రార్థన. ఈ పేరు అర్థం, పుట్టుక తెలిసినవారు చెప్పండి. ఈ రోజుల్లో ఇంకా ఎవరైనా పెడుతున్నారా?

బాటసారి:
మా వీధిలో ఒక హెప్సీబా ఉంది. అందరూ హెప్సీ అని పిలుస్తారు. నిశ్చింతగా పెట్టండి.

వాక్యధ్యాని:
తొందరపడవద్దు సోదరా. మీ అమ్మగారికి చెప్పినవారు సరిగానే చెప్పారు. రాజులు రెండవ గ్రంథం 21వ అధ్యాయం మొదటి వచనం తీయండి. మనష్షే పన్నెండేళ్లకు రాజై యెరూషలేములో 55 ఏళ్లు ఏలాడు, అతని తల్లి పేరు హెప్సీబా. యూదా రాజుల్లో అంతకాలం ఏలినవాడు లేడు, అంతటి పాపం చేసినవాడూ లేడు. కన్న కొడుకును అగ్నిగుండం దాటించాడు, మందిరంలోనే విగ్రహం నిలిపాడు. అతని పాపం మూలంగానే యూదా ప్రజలు బబులోను చెరకు పోయారని గ్రంథం తేల్చి చెబుతోంది. యెషయా ప్రవక్తను చంపించింది కూడా ఇతడేనని యూదుల సంప్రదాయం. బైబిలులో ఈ పేరుతో కనిపించే స్త్రీ ఆమె ఒక్కతే. వాక్యంలో ఇన్ని మంచి పేర్లుండగా ఆ తల్లి పేరే ఎందుకు?

అక్షరం:
అసలు “హెప్సీబా” అన్న రాతే సరికాదు. హెబ్రీలో మొదటి అక్షరం గొంతు లోపలి నుంచి వచ్చే హకారం, తర్వాత ఫకారం, ఆ తర్వాత “త్స”. హెఫ్ట్సీ అంటే నా ఇష్టం, నా ఆనందం. బాహ్ అంటే ఆమెయందు. చివరి హకారాన్ని పలకాలి, “ఆమె” అన్న అర్థమంతా అందులోనే ఉంది. మనవాళ్లు ఫ తీసి ప పెట్టారు, త్స తీసి స పెట్టారు, చివరి హ వదిలేశారు. పెట్టేదేదో హెఫ్ట్సీబా అని పెట్టండి.

మూడో తరం:
నా పేరు హెప్సీబా. అందుకే రాస్తున్నాను. వాక్యధ్యాని గారు ఒక వచనం చూపించి రెండోది దాచారు. యెషయా 62వ అధ్యాయం నాలుగో వచనం ఎక్కడికి పోయింది? “విడువబడినది” అని ఇక నిన్ను పిలవరు, “పాడైనది” అని నీ దేశాన్ని అనరు, నీ పేరు హెప్సీబా, నీ దేశం పేరు బ్యూలా అని దేవుడు యెరూషలేముకు చెప్పే మాట అది. ఎందుకో కూడా అక్కడే ఉంది: యెహోవా నిన్నుబట్టి ఆనందిస్తున్నాడు గనుక. మా ముత్తాత ఈ వచనం చదివే మా నాయనమ్మకు ఆ పేరు పెట్టాడు. ఊరి చెరువులో నీళ్లు ముట్టనివ్వని రోజుల్లో, పుట్టిన ఆడపిల్లను “నాకు ఇష్టమైనది” అని దేవుడి నోటి మాటతో పిలుచుకున్నాడు. ఆ పేరే నాకు వచ్చింది.

వాక్యధ్యాని:
సహోదరీ, ఆ వచనం నాకు కంఠస్థం. అది పట్టణానికి ఇచ్చిన పేరు, ఆడపిల్లకు కాదు. బ్యూలా అంటే “వివాహిత”. భర్త, యజమాని అని అర్థమిచ్చే బాల్ అన్న మాట నుంచి వచ్చింది. పుట్టిన పాపను వివాహిత అని పిలుస్తామా? పట్టణానికి చెప్పినది పట్టణానికే. మనిషి పేరుగా చూస్తే దొరికేది మనష్షే తల్లి ఒక్కతే.

గలిలయ గాలి:
మాది కోనసీమ. ఆరేళ్లుగా ఇజ్రాయెల్‌లో, అఫులా పట్టణంలో ఒక పెద్దావిడకు తోడుగా ఉండి పని చేస్తున్నాను. నిన్న రాత్రి మందులిచ్చాక ఆవిడను ఈ పేరు గురించి అడిగాను. ఇక్కడ ఖెఫ్ట్సీబా అంటారు, ఖ గొంతులో గీసుకుంటూ వస్తుంది. ఆవిడ బడిలో ఆ పేరుతో ఒక అమ్మాయి ఉండేదట. ఆవిడ మనవరాళ్లు మాత్రం నోయా, తమార్, మాయా. పాతకాలపు పేరు, మా అమ్మలనాటి పేరు అని నవ్వింది. ఆ పేరులోని మాటకు ఇక్కడ వస్తువు అని కూడా అర్థం ఉంది. బస్సు స్టేషనులో ఎవరైనా సంచి వదిలేసి వెళ్తే “ఖెఫెత్స్ ఖషూద్”, అంటే అనుమానాస్పద వస్తువు అని మైకులో అరుస్తారు. వచ్చిన కొత్తలో అది విని భయపడి చచ్చేదాన్ని.

మా దగ్గర నుంచి బేత్ షెయాను వెళ్లే దారిలో, గిల్బోవ కొండ కింద ఈ పేరుతో ఒక కిబ్బుత్సు, అంటే అందరూ కలిసి సాగుచేసుకునే ఊరు కూడా ఉంది. 1922లో కట్టుకున్నారు. 1928లో అక్కడ నీటి కాలువ తవ్వుతుంటే రంగురాళ్లు పొదిగిన నేల బయటపడింది. ఆరో శతాబ్దపు యూదుల సమాజమందిరం నేల అది. నడుమ సూర్యుడు, చుట్టూ పన్నెండు రాశులు. ఒక సెలవు రోజున వెళ్లి చూశాను. లోపలికి వెళ్లే దారిలో బోర్డు మీద ఆ పేరును కూడబలుక్కుని చదివితే, మా ఊరి హెప్సీబా టీచరు గుర్తొచ్చారు.

అక్షరం:
చూశారా, ఖెఫ్ట్సీబా. నేను చెప్పింది అదే. ప ఎక్కడా లేదు.

మూడో తరం:
వాక్యధ్యాని గారూ, పట్టణం పేరు అంటున్నారు కదా, అదే వచనాన్ని హెబ్రీలో చూడండి. “విడువబడినది” అని మనవాళ్లు అనువదించిన చోట ఉన్నది అజూబా. రాజులు మొదటి గ్రంథం 22లో యెహోషాపాతు రాజు తల్లి పేరు కూడా అజూబాయే. అంటే అజూబా, హెప్సీబా రెండూ అంతఃపురంలో ఆడవాళ్లు పెట్టుకున్న పేర్లే. ప్రవక్త ఊరిని స్త్రీగా భావించి, స్త్రీల పేర్లతోనే పిలిచాడు. మన బైబిలులో రెండు పేర్లను అనువదించి రెండింటిని అలాగే వదిలేశారు కాబట్టి ఆ పోలిక మనకు కనబడటం లేదు. ఇక మనష్షే చేసిన పాపానికి అతని తల్లి ఏం చేసిందని? ఆమె ఒక్క తప్పు చేసినట్టు ఎక్కడైనా రాసి ఉందా?

వాక్యధ్యాని:
రాసి లేదు. పెంచింది ఎవరు మరి? తండ్రి హిజ్కియా రాజు చనిపోయేనాటికి పిల్లవాడికి పన్నెండేళ్లు.

తుంగభద్ర:
హిజ్కియాకు జబ్బు చేసినప్పుడు దేవుడు ఆయుష్షు పదిహేనేళ్లు పొడిగించాడు. అంటే మనష్షే పుట్టింది ఆ తర్వాతే. తప్పు పట్టాలంటే ఆ ప్రార్థనను పట్టాలి, తల్లిని కాదు.

గలిలయ గాలి:
దీని మీద మా పెద్దావిడ ఒక కథ చెప్పింది, యూదుల ధర్మగ్రంథం తల్మూదులో ఉందట. హిజ్కియా పెళ్లి చేసుకోలేదు. తనకు చెడ్డ పిల్లలు పుడతారని ముందే చూశానని యెషయాతో అన్నాడు. దేవుడి రహస్యాలతో నీకేం పని, నీ విధి నువ్వు చెయ్యి అన్నాడు యెషయా. అయితే మీ అమ్మాయినివ్వండి అన్నాడు రాజు. ఆ అమ్మాయే హెప్సీబా అని వీళ్లు చెప్పుకుంటారు.

కొత్త తండ్రి:
చాలా తెలుసుకున్నాను, అందరికీ కృతజ్ఞతలు. వేరే దేశాల్లో ఈ పేరు ఉందా?

తుంగభద్ర:
17వ శతాబ్దంలో ఇంగ్లండులోని ప్యూరిటన్లు అనే నిష్ఠగల క్రైస్తవులు పెట్టుకున్నారు, వాళ్లతోనే అమెరికా చేరింది. తర్వాత అక్కడా అరుదైపోయింది. వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ చెల్లెలు హెఫ్సీబా మెనుహిన్, 1920లో పుట్టిన పియానో విద్వాంసురాలు. నాకు తెలిసి పేరున్నవాళ్లలో ఆమే.

వాక్యధ్యాని:
ఇంగ్లండు, అమెరికా మనకెందుకు? ఈ పేరు పెట్టి ఆ పిల్లను ఇబ్బంది పెట్టవద్దు అన్నదే నా మాట. ఆ పేరుతో మంచి జరిగిన ఇల్లు నేను చూడలేదు.

మూడో తరం:
ఏమన్నారు? మంచి జరగలేదా? అయితే నేనేమిటి, శాపం మోస్తూ తిరుగుతున్నానా? బడిలో చేర్పించిన రోజు మాస్టారు “నోరు తిరగని పేరు” అని నన్ను అడగకుండా, మా నాన్నను అడగకుండా రిజిస్టరులో హైమావతి అని రాసేశారు. పదో తరగతి సర్టిఫికెట్టు, ఓటరు కార్డు, జీతం కాగితం, అన్నిటిలో హైమావతినే. నన్ను సొంత పేరుతో పిలిచేది గుడిలో, మా అమ్మ ఇంట్లో మాత్రమే. నా పేరుకు జరిగిన కీడు మనష్షే చెయ్యలేదు. మీలాంటివాళ్లు చేశారు.

బాటసారి:
నిదానం. ఇద్దరూ ఒక విశ్వాసంలో ఉన్నవారే.

వాక్యధ్యాని:
నిదానంగానే చెబుతాను సిస్టర్. మా అక్క పేరు హెప్సీబా. కాగితాల్లో వేరే పేరు. మేం మందిరానికి వెళ్లేవాళ్లం, కాగితాల ప్రకారం హిందువులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైనవారు బీసీ-సిలోకి వస్తారు, ఒక్క శాతం. మా అక్కకు ఎస్సీ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఆమె క్రైస్తవురాలని ఎవరో అర్జీ పెట్టారు. దానికి జతచేసింది ఏమిటో తెలుసా? ఆమె పెళ్లి శుభలేఖ. వధువు పేరు హెప్సీబా అని బంగారు అక్షరాల్లో అచ్చు వేయించారు మా నాన్న. విచారణ నాలుగేళ్లు సాగింది, ఉద్యోగం పోయింది. మా ఇంటి గుమ్మం పైన నాపరాయిలో ఆమె పేరు చెక్కించి ఉండేది. ఒక రాత్రి నాన్న నిచ్చెన వేసుకుని ఎక్కి దానిమీద సిమెంటు పూశారు. కింద నుంచి లాంతరు పట్టుకున్నది నేనే. ఆ పేరు వింటే నాకు గుర్తొచ్చేది మనష్షే కాదు.

మూడో తరం:
అది మొదటే చెప్పి ఉంటే మీతో ఇంత మాట అనేదాన్ని కాదు అన్నా. కానీ నా జవాబు మారదు. మీ నాన్నగారు సిమెంటు పూయవలసి వచ్చింది ఆ పేరు చెడ్డదై కాదు. బిడ్డకు ఏమవుతుందోనని హిజ్కియా భయపడితే యెషయా ఏమన్నాడో పైన ఉంది.

వాక్యధ్యాని:
యెషయాకు ఉద్యోగం పోలేదమ్మా. ఇంట్లో పిలుచుకోండి, ప్రతిష్ఠలో పలకండి, కాగితంలో మాత్రం వద్దు. నేను నా బిడ్డలకు అలాగే చేశాను.

మూడో తరం:
అప్పుడు వాళ్లకూ నాలాగే రెండు పేర్లు.

కొత్త తండ్రి:
అన్నా, మీ అక్కగారి సంగతి చదివి చాలాసేపు రాయలేకపోయాను. మా సంగతి వేరు. మా నాన్న హయాంలోనే మేం బీసీ-సి కాగితం తీసుకున్నాం, దాచవలసినది లేదు. ఈ సాయంత్రం మీరు రాసినది మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె మనష్షే మాట ఎత్తలేదు. “మీ నాన్న కాగితం మార్పించిన రోజు ఇంట్లో ఎవ్వరం అన్నం తినలేదు” అంది. ఆ విషయం నాకు ఇన్నాళ్లూ తెలియదు.

అక్షరం:
జనన ధ్రువపత్రంలో పేరు లేకుండా నమోదైతే పన్నెండు నెలల వరకు రుసుము లేకుండా చేర్పించవచ్చు. తర్వాత రుసుము కట్టాలి. తొందర లేదు కాబట్టి ఫ అక్షరం గురించి ఆలోచించండి.

కొత్త తండ్రి:
ఆలోచించాం. ఇప్పటికి కాగితంలో “ఆడ శిశువు” అనే ఉంది. సోమవారం పేరు రాయించడానికి వెళ్తున్నాను, మా అమ్మ కూడా వస్తానంది. ప అక్షరంతోనే రాయిస్తాం. నా భార్య వాళ్ల అమ్మమ్మ బైబిలు తెచ్చి చూపించింది. అట్ట లోపల ఊదా సిరాతో ఆవిడ తన పేరు అలాగే రాసుకున్నారు.